మొనాకో రేవు – అమ్మకపు పన్నులవాడి కళ్ళతో

ప్రత్యేక సంచికకు విదేశయాత్ర మీద వ్యాసం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగారు. యాత్రల గురించి మన పత్రికలో ఇదివరకే చాలా వచ్చాయి. కాశీ, బదరీనాథ్ మొదలుకొని నయాగరా జలపాతం దాకా మన సభ్యులు వర్ణించని చోటు లేదు. అందుచేత నేను ఎక్కిన విమానాలూ దిగిన స్టేషన్లూ వరుసపెట్టి చెప్పదలచుకోలేదు. ఒక్క రేవు పట్నం చరిత్ర, అక్కడ రోజూ కంటబడే సంగతులు మాత్రం చెబుతాను.

ఆ పట్నం మొనాకో. మధ్యధరా సముద్రపు ఒడ్డున మూడువైపులా ఫ్రాన్సు, నాలుగోవైపు నీళ్ళు. ఊరూ అదే, దేశమూ అదే. వైశాల్యం రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. పొద్దుటి నడకకు బయలుదేరితే మనబోటివాళ్ళు టిఫిను వేళకు దేశం ఈ కొస నుంచి ఆ కొసకు చేరుకోవచ్చు. మెట్లు ఎక్కగలిగితేనే సుమా, ఊరంతా కొండవాలు. జనాభా సుమారు 38 వేలు. మనకు మొనాకో అంటే జూదశాల, కార్ల పందెం, 1956లో ఆ దేశపు రాజును పెళ్ళాడిన హాలీవుడ్ తార గ్రేస్ కెల్లీ. ఇవన్నీ సినిమా పత్రికలవాళ్ళు వ్రాశారు. ముప్పై మూడేళ్ళు వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసిన నాకు మాత్రం వేరే అనుమానం ఉండేది. నివాసుల జీతం మీద ఆదాయపు పన్ను వేయని ప్రభుత్వం తన నౌకర్లకు జీతాలు, ముసలివాళ్ళకు పింఛన్లు ఎక్కణ్ణుంచి ఇస్తోంది?

మా అబ్బాయి నీస్ నగరానికి దగ్గరలో ఉన్న సోఫియా ఆంటిపోలిస్ అనే కంప్యూటరు కంపెనీల పేటలో ఉద్యోగం చేస్తున్నాడు. 2018 వేసవిలో ఒకసారి, 2022-23 చలికాలంలో ఒకసారి నేనూ మా ఆవిడా వాడి దగ్గర ఉన్నాము. నీస్ నుంచి మొనాకోకు రైలులో అరగంట కూడా పట్టదు. పాస్‌పోర్టు చూపించమని అడిగేవాళ్ళు లేరు. అందుచేత మనసు పుట్టినప్పుడల్లా వెళ్ళి రేవు గట్టున కూర్చునేవాళ్ళం.

ముందు పాత కథ. రేవుకు దక్షిణాన నిట్రాయిలా నిలబడ్డ ఒక బండ ఉంది. దాని మీద కోట. 1297 జనవరిలో ఫ్రాన్సువా గ్రిమాల్డీ అనే జెనోవా వాడు సన్యాసి వేషం వేసుకొని, ఆశ్రయం అడిగినట్టు నటించి, అంగీ కింద కత్తి దాచుకొని లోపలికి పోయి కోట పట్టుకున్నాడట. ఆ రాజ్యపు ముద్రలో ఈనాటికీ కత్తులు పట్టిన ఇద్దరు సన్యాసులు ఉంటారు. దొంగవేషాన్ని దాచుకోకుండా రాజముద్రగా వేసుకున్న వంశం ఇదొక్కటేనేమో! మధ్యమధ్య ఊడినా, ఏడు శతాబ్దాలు దాటి ఆ గ్రిమాల్డీల పేరుతోనే రాజ్యం నడుస్తోంది.

మనకు కావలసిన కథ పందొమ్మిదో శతాబ్దంలో మొదలవుతుంది. అప్పట్లో మొనాకోకు తూర్పున మెంతోన్, రోక్‌బ్రూన్ అనే రెండు ఊళ్ళు కూడా దాని కిందే ఉండేవి. నిమ్మకాయలు, ఆలివ్ నూనె అక్కడి పంట. రాజ్యం రాబడి అంతా అదే. 1815 తరువాత ఏలిన అయిదో ఒనొరే ఆ నిమ్మకాయల మీదా నూనె మీదా ఎగుమతి సుంకాలు బిగించాడు. అది చాలక రొట్టె గుత్తకిచ్చాడు. అంటే ప్రజలు గుత్తదారు దగ్గర పిండీ రొట్టె కొనుక్కోవాలి, తమ ఇష్టం వచ్చినచోట కొనకూడదు. ఉప్పు మీద పన్ను మన దేశంలో ఏం చేసిందో మనకు తెలుసు. రొట్టె మీద పన్ను అక్కడ అదే చేసింది. 1848లో ఆ రెండు ఊళ్ళూ తిరగబడి స్వతంత్ర నగరాలమని ప్రకటించుకున్నాయి. 1861 ఫిబ్రవరి 2న కుదిరిన ఒడంబడికలో మొనాకో వాటిని ఫ్రాన్సుకు వదులుకొని నష్టపరిహారంగా 40 లక్షల ఫ్రాంకులు పుచ్చుకుంది. భూమిలో తొంభై శాతానికి పైగా పోయింది. మిగిలింది బండ, రేవు, పన్నెండు వందల జనం. పన్ను వేయడానికి నిమ్మచెట్టు కూడా లేదు.

ఇక్కడ మన గోదావరి జిల్లాల వాళ్ళకు ఒక పోలిక చెప్పాలి. కాకినాడ సర్కిల్లో పనిచేసినవాళ్ళందరికీ యానాం తెలుసు. చుట్టూ మన జిల్లా, మధ్యలో ఫ్రెంచివాళ్ళ చిన్న పేట. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చి బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలు నేరమయ్యాయి. యానాంలో ఆ చట్టం లేదు. దాంతో మన పెద్దలు పిల్లల్ని పడవలెక్కించుకొని వెళ్ళి అక్కడ తాళి కట్టించేవారు. యానానికి కల్యాణపురం అనే పేరే వచ్చింది. చుట్టూ ఉన్న పెద్ద రాజ్యం వద్దన్నదాన్ని మధ్యలో ఉన్న చిన్న పేట సరేనంటే, జనం గట్టు దాటి వెళ్ళడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

మొనాకో బతికింది సరిగ్గా ఆ కిటుకుతోనే. ఫ్రాన్సులో అప్పటికి జూదశాలలు నిషేధం. మొనాకోలో 1856లోనే ఒక జూదశాల తెరిచారు గాని, దారి లేదు, జనం రాలేదు. 1863లో జర్మనీలోని హోంబుర్గ్ జూదశాల నడిపి చేయి తిరిగిన ఫ్రాన్సువా బ్లాన్ అనే అతను యాభై ఏళ్ళకు గుత్త పుచ్చుకున్నాడు. అతను పెట్టిన కంపెనీ పేరు చదివి నేను నవ్వుకున్నాను. తెలుగులో చెప్పాలంటే ‘సముద్రస్నానాల, విదేశీయుల క్లబ్బు సంఘం’. మన పట్నాల్లో ‘రిక్రియేషన్ క్లబ్బు’ అని బోర్డు పెట్టి లోపల పేకాట ఆడించినట్టే! ఆ కంపెనీ ఈనాటికీ సముద్రస్నానాల పేరుతోనే నడుస్తోంది. జూదశాల కట్టిన గుట్టకు 1866లో రాజు మూడో ఛార్లెస్ పేరు పెట్టారు. మోంటే కార్లో అంటే ఛార్లెస్ కొండ. 1868లో రైలు వచ్చింది. ఇక జనం దిగడమే. మరుసటి సంవత్సరమే, 1869లో, రాజు తన నివాసులకు భూమి శిస్తు మొదలైన ప్రత్యక్ష పన్నులు రద్దు చేశాడు. జూదపు రాబడి చాలునన్నమాట.

అయితే రాజు ఒక నియమం పెట్టాడు. మొనాకో పౌరులు ఆ జూదపు బల్లల దగ్గర ఆడకూడదు. ఈ నియమం ఇప్పటికీ ఉంది. కల్లు దుకాణం పెట్టినవాడు తన కొడుకుల్ని ఆ గుమ్మం తొక్కనివ్వనట్టు. ఇందులో నీతి ఎంతో, లెక్క ఎంతో నేను చెప్పలేను.

1882 మే నెలలో కార్ల్ మార్క్స్ ఊపిరితిత్తుల జబ్బుతో గాలి మార్పుకని మోంటే కార్లోకు వచ్చి కొన్ని వారాలు ఉన్నాడంటే మన యూనియన్ మిత్రులు నమ్ముతారా? నిజమే. అక్కణ్ణుంచి కూతురికి వ్రాసిన ఉత్తరంలో, ఈ రాజ్యానికి ఆర్థిక పునాది జూదశాలేనని, రేపు అది మూతపడితే రాజ్యం మొత్తం మూతపడినట్టేనని ఎగతాళి చేశాడు. ఆనాటికి అది అక్షరాలా సత్యం. ఈనాటికి కాదు. ఇప్పుడు రాజ్యం రాబడిలో జూదపు వాటా చాలా చిన్నది. మరి పెద్దది ఏది? ఇదే నన్ను కుర్చీలోంచి లేచి కూర్చునేలా చేసిన సంగతి. దాదాపు సగం రాబడి వ్యాట్! అమ్మకపు పన్ను! ఫ్రాన్సులో ఎంత రేటో మొనాకోలోనూ అంతే, మామూలు వస్తువులకు నూటికి ఇరవై. ఆ పన్నును ప్రపంచంలో మొదట 1954లో పెట్టిందే ఫ్రాన్సు. మనకు 2005లో వచ్చింది, 2017లో జీఎస్టీలో కలిసింది. అంటే పన్నులు లేని స్వర్గమని పేరుపడ్డ ఊళ్ళో, హోటల్లో గిన్నెలు కడిగే మనిషి సాయంత్రం కొనుక్కునే సబ్బు మీద కూడా పన్ను కట్టే పోతోంది. ధనవంతుడి జీతం మీద మాత్రం లేదు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఫ్రాన్సు పౌరులకు ఆ మినహాయింపు లేదు. 1962లో ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్, తన దేశపు ధనవంతులూ కంపెనీలూ మొనాకోలో చేరి పన్ను ఎగవేస్తున్నారని కోపగించి, అక్టోబరులో ఒక రాత్రి సరిహద్దు రోడ్ల మీద సుంకం సిబ్బందిని నిలబెట్టాడు. చెక్‌పోస్టులో రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. వచ్చే ప్రతి కారునూ ఆపడం, వెనక బారులు తీరడం. నీళ్ళూ కరెంటూ ఫ్రాన్సు నుంచే రావాలి కాబట్టి చిన్న రాజ్యం లొంగక తప్పలేదు. 1963 ఒడంబడిక ప్రకారం మొనాకోలో కాపురం పెట్టిన ఫ్రెంచివాళ్ళు ఫ్రాన్సుకే ఆదాయపు పన్ను కడతారు.

ఇక రేవు. మేము ఎక్కువగా కూర్చున్నది అక్కడే. గట్టుకు వరుసగా కట్టేసిన విలాస నౌకలు తెల్లగా మూడంతస్తుల మేడల్లా ఉంటాయి. యాత్రికులు వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. నేను వాటి వెనకభాగం చూసేవాణ్ణి. నౌక వెనక దాని పేరు కింద సొంత రేవు పేరు వ్రాయాలని నియమం. ఒకదాని మీద జార్జ్‌టౌన్ అని ఉంటుంది, అది కరిబియన్ సముద్రంలోని కేమన్ దీవుల్లోది. మరొకదాని మీద వలెట్టా అని, అది మాల్టాది. మొనాకోలో కట్టేసి ఉన్న పడవల్లో మొనాకో అని వ్రాసినవి వెతుక్కోవాలి. నాగాలాండ్ నంబరు పలకలతో హైదరాబాదు-విజయవాడ మధ్య తిరిగే ప్రైవేటు బస్సులు గుర్తుకొచ్చి, మా అబ్బాయితో చెబితే వాడికి నవ్వాగలేదు.

పొద్దున ఎనిమిది గంటలకు ఆ పడవల మీద యజమానులు కనబడరు. కనబడేది పనివాళ్ళు. ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ మోకాళ్ళ మీద కూర్చొని, రాత్రి పట్టిన ఉప్పుతేమను మంచినీళ్ళతో కడిగి, మెత్తని తోలుగుడ్డతో ఒక్క చుక్క మిగలకుండా తుడుస్తారు. ఎవరూ ఎక్కని పడవను కూడా అలాగే తుడుస్తారు. మా ఆవిడ అరగంట చూసి, ‘రోజూ పెళ్ళివారింటి గిన్నెల్లా తోముతున్నారు, తినేవాళ్ళు ఎక్కడ?’ అంది.

రేవు నోటికి అడ్డంగా ఒక పెద్ద అలకట్ట ఉంది. 352 మీటర్ల పొడవు, లక్షా అరవై వేల టన్నులకు పైబడిన కాంక్రీటు. విశేషమేమంటే అది నేలలో పాతింది కాదు, నీళ్ళ మీద తేలుతుంది! స్పెయిన్‌లోని అల్హెసీరాస్‌లో కట్టి, 2002లో సముద్రం మీదుగా లాక్కొచ్చి, ఒడ్డుకు ఒక పెద్ద ఉక్కు కీలుతో తగిలించారు, మనిషి తుంటి కీలులాగ. దాని పొట్టలో కార్లు నిలిపే చోటు కూడా ఉంది. కాకినాడ రేవులో పెరిగినవాణ్ణి గనుక ఆ కట్ట మీద నిలబడి అటూ ఇటూ చూశాను. బయట అలలు కొడుతుంటే లోపల చెరువులా ఉంది. నా మట్టుకు నాకు ఆ ఊళ్ళో రాజుగారి కోట కన్నా ఇదే గొప్ప.

కార్ల పందెం సంగతి రెండు ముక్కల్లో. 1929లో మొదలైంది. ప్రత్యేకంగా బాట లేదు, జనం రోజూ తిరిగే వీధులే. వారాల ముందు నుంచే ఇనుప కంచెలు బిగిస్తారు. మేము 2018 మేలో వెళ్ళినప్పుడు రొట్టెల కొట్టుకు పోవాలన్నా కంచె చుట్టూ తిరగాల్సి వచ్చింది. 1955లో అస్కారీ అనే ఇటలీ వీరుడు కారుతో సహా రేవు నీళ్ళలో పడి ఈదుకుంటూ బయటపడ్డాడు. పాపం, నాలుగు రోజులకే మోంజాలో మరో కారు నడుపుతూ పోయాడు. 2010లో మన చెన్నై కుర్రాడు కరుణ్ చంధోక్ కారు మీదికి మరొక కారు ఎక్కేసింది, దెబ్బ తగల్లేదు.

ఆ వీధుల్లో నడిచే జనం ఎవరో తెలియాలంటే పొద్దున ఏడు గంటల రైలు ఎక్కాలి. నీస్ స్టేషన్లో నిలబడడానికి చోటుండదు. మన వైపు సీజన్ టిక్కెట్ల పాసింజరు బండిలో గుమాస్తాలు, పంతుళ్ళు ఎలా ఒకరి భుజం మీద ఒకరు కునికేవారో, సరిగ్గా అలాగే. తాపీపనివాళ్ళు, నర్సులు, వంటవాళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, ముసలివాళ్ళను కనిపెట్టుకొని ఉండే ఆయాలు. ఇటలీ, పోర్చుగల్, ఉత్తర ఆఫ్రికా నుంచి తాతల నాడు వచ్చి ఫ్రాన్సులో స్థిరపడ్డవాళ్ళు చాలామంది. అవతలివైపు ఇటలీ సరిహద్దు పట్నం వెంటిమిల్యా నుంచి మరో రైలు ఇలాగే నిండి వస్తుంది. మొనాకో స్టేషన్ 1999 నుంచి కొండ కడుపులో ఉంది. తలుపులు తెరవగానే జనం సొరంగాల్లోంచి, లిఫ్టుల్లోంచి ఊరంతా పాకిపోతారు. సాయంత్రం అయిదున్నరకు అదే జనం తిరిగి కొండలోకి పోతారు. ఇలా వచ్చి పోయేవాళ్ళు యాభై వేల దరిదాపుల్లో ఉంటారు. అంటే ఆ దేశంలో పగలు పనిచేసేవారు, రాత్రి నిద్రపోయేవారి కన్నా ఎక్కువ!

లిఫ్టుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కొండవాలు ఊరు కావడంతో ఒక వీధికీ పై వీధికీ మధ్య ప్రభుత్వమే లిఫ్టులూ కదిలే మెట్లూ పెట్టింది, డజన్లకొద్దీ. టిక్కెట్టు లేదు. మోకాళ్ళ నొప్పులతో మా ఆవిడ అంత కొండ ఊరిని చుట్టి రాగలిగిందంటే ఆ లిఫ్టుల చలవే. ఏ రాజైనా ముసలివాళ్ళకు చేసిన ఉపకారం లెక్కకట్టాల్సి వస్తే నేను మొదట దీన్ని వ్రాస్తాను.

రేవు వెనక కొందమీన్ అనే పేట. అక్కడి చిన్న మైదానంలో 1880లో పెట్టిన కూరగాయల బజారు ఇంకా సాగుతోంది. మోంటే కార్లో మెరుపులు ఇక్కడ లేవు. పెద్దవాళ్ళు చక్రాల సంచులు లాక్కుంటూ వస్తారు. సోక్కా అని శనగపిండి అట్టు ఒకటి దొరుకుతుంది. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు. పెద్ద రేకు పళ్ళెంలో పొయ్యిలో కాల్చి, ముక్కలు చేసి, మిరియాలు చల్లి కాగితంలో పెట్టి ఇస్తారు. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ వేసుంటే మన శనగపిండి అట్టే. ఇంకొకటి బార్బజువాన్. మన కజ్జికాయలా మడిచి నూనెలో వేయించింది, కాకపోతే లోపల ఆకుకూర, జున్ను. ఆ పేరుకు అర్థం ‘జువాన్ బాబాయి’ అట. ఎండబెట్టిన ఉత్తర సముద్రపు చేపను నానబెట్టి టొమాటోలో ఉడికించే కూర ఇంకొకటి. మేము తినకపోయినా, వాసన మాత్రం మన రేవుల్లోని ఎండుచేపల కొట్టును తలపించింది. ధనవంతుల దేశపు జాతీయ వంటకాలన్నీ పేదల తిండే.

ఆ బజారు దగ్గర బెంచీ మీద 2018లో ఒక పెద్దావిడ పరిచయమైంది. మా ఆవిడ సంచిలోని ఆకుకూర చూసి ఏదో అడిగింది, మా అబ్బాయి మధ్యన మాట అందించాడు. ఆవిడ పుట్టింది 1936లో, ఆ పేటలోనే. తాత ఇటలీ పర్వతాల నుంచి తాపీపనికి వచ్చినవాడు. ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ళు ఒక హోటలు చాకలి విభాగంలో దుప్పట్లు ఇస్త్రీ చేసి రిటైరైంది. మరి మీరు మొనాకో పౌరులేనా అని అడిగితే, కాదంది. అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. అసలు పౌరులు పదివేల లోపే. వాళ్ళకు ప్రభుత్వం తక్కువ అద్దెకు ఇళ్ళిస్తుంది, 1957నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల్లో మొదటి హక్కు వాళ్ళది. ఆవిడ లాంటివాళ్ళకు ఫ్రెంచిలో ఒక ముద్దుపేరు ఉంది, ‘ఈ నేల బిడ్డలు’ అని. బిడ్డలే గాని వారసులు కారు.

వీళ్ళకు ఇంతకాలం నీడ ఇచ్చింది ఒక తేదీ. 1947 సెప్టెంబరు 1కి ముందు కట్టిన పాత ఇళ్ళ అద్దెల మీద చట్టం అదుపు ఉంచింది. అవి ఎవరికి ఇవ్వాలో కూడా వరుస పెట్టింది, అందులో ఈ నేల బిడ్డలకూ చోటుంది. చిత్రమేమంటే ఆ దేశంలో జీతగాళ్ళ పింఛను చట్టం వచ్చిందీ 1947లోనే, జూన్ నెలలో. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడు వాళ్ళకు పింఛను వచ్చిందన్నమాట. కాని ఇల్లు చట్టంతో నిలబడదు, గోడలతో నిలబడుతుంది. అప్పట్లో పాత ఇల్లు కూలగొడితే ఆ తేదీ కూడా దానితోపాటే కూలేది. ఆ జాగాలో లేచే మేడకు అద్దెల అదుపు ఉండేది కాదు. తమ భవనం అమ్ముడైందని ఆవిడ మామూలుగా చెప్పింది, కూరగాయల ధర చెప్పినట్టు.

పౌరులు, నివాసులు, పొరుగువాళ్ళు అనే ఈ తరగతుల భేదం ఒకప్పుడు ఇంతకన్నా ఘోరమైన పని చేసింది. 1942 ఆగస్టు 27-28 రాత్రి, మొనాకోలో తలదాచుకున్న విదేశీ యూదులను అక్కడి పోలీసులే 66 మందిని పట్టి ఫ్రాన్సు అధికారులకు అప్పగించారు. వాళ్ళు మృత్యు శిబిరాలకు పోయారు. 2015 ఆగస్టులో, డెబ్భై మూడేళ్ళ తరువాత, ఇప్పటి రాజు రెండో ఆల్బర్ట్ బహిరంగంగా క్షమాపణ కోరి, శ్మశానంలో వాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఆవిష్కరించాడు. ఆ రాత్రి గురించి పెద్దావిడను అడిగాను. తనకు అప్పుడు ఆరేళ్ళని, ఏమీ గుర్తు లేదని అంది.

రాజ్యం పెరగడానికి భూమి లేదు కాబట్టి సముద్రాన్ని పూడుస్తూ వచ్చారు. బండకు పడమర 1970ల నాటికి 22 హెక్టార్లు పూడ్చి ఫోంవియెయ్ పేట కట్టారు. అక్కడ అంతస్తుల మేడల్లో ఫ్యాక్టరీలు ఉన్నాయి. మందులు, సౌందర్య సామగ్రి, ప్లాస్టిక్ భాగాలు తయారుచేస్తారు. మొనాకోలో ఫ్యాక్టరీ కూలీలున్నారంటే మనకు వింతే. తూర్పున మరో ఆరు హెక్టార్ల పూడిక మేము 2023లో చూసేసరికి పూర్తికావస్తోంది. 2024 డిసెంబరులో దాన్ని ప్రారంభించారని మా అబ్బాయి ఫోనులో చెప్పాడు. అందులో ఇళ్ళ ధరలు నేను వ్రాస్తే సున్నాలు ఎక్కువ పడ్డాయని మన సంపాదకులు కొట్టేస్తారు.

ఒక సంగతిలో మాత్రం ఆ దేశాన్ని మెచ్చుకోక తప్పదు. ఇంత చిన్న ఊరికి సొంత భాష ఉంది, మొనెగాస్క్ అని. ఫ్రెంచి మింగేసే స్థితిలో ఉండగా, 1927లో లూయీ నొతారీ అనే కవి తమ ఊరి దేవత కథను ఆ భాషలో కావ్యంగా వ్రాశాడు. 1976 నుంచి బడిలో నేర్పుతున్నారు. కోట మీది వీధి పలకల మీద ఫ్రెంచితోపాటు అదీ ఉంటుంది. కోట్లమంది మాట్లాడే మన భాషకు దుకాణం బోర్డుల మీద దక్కుతున్న మర్యాద తలచుకుంటే కొంచెం సిగ్గేసింది.

ఆ దేవత పేరు సెయింట్ దెవోత్. నాలుగో శతాబ్దంలో కోర్సికా దీవిలో చంపబడిన కన్య. ఆమె దేహాన్ని ఎక్కించుకున్న పడవ ఒక పావురం దారి చూపగా ఈ రేవుకు కొట్టుకొచ్చిందట. తరువాత ఎవడో ఆమె అవశేషాలు దొంగిలించి పారిపోబోతే, పల్లెకారులు వాణ్ణి పట్టుకొని వాడి పడవను ఒడ్డునే తగలబెట్టారట. దాని గుర్తుగా ఏటా జనవరి 26 రాత్రి గుడి ముందు ఒక చెక్కపడవను కాలుస్తారు. మన గణతంత్ర దినం కూడా అదే కదా, పొద్దున టీవీలో ఢిల్లీ కవాతు చూసి, సాయంత్రం మొనాకో వెళ్ళాం. రాజకుటుంబం కాగడాలతో పడవకు నిప్పంటించింది. చలిలో ఆ మంట వెచ్చగా తగిలింది. పల్లెకారులు ఆ రేవులో దాదాపు లేనట్టే. మంట మాత్రం వాళ్ళదే.

గుంపులో మా ఆవిడను ఎవరో భుజం తట్టారు. చూస్తే మన పెద్దావిడ, చంకలో కర్ర. 2021లో తమ భవనం ఖాళీ చేయించారని చెప్పింది. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోందట, పైన బోసొలెయ్‌లో. మోంటే కార్లో పనివాళ్ళు తలదాచుకోగా పెరిగిన ఫ్రెంచి ఊరు అది. చాలాచోట్ల వీధికి ఒక పక్క మొనాకో, ఇవతలి పక్క బోసొలెయ్. రోజూ పొద్దున లిఫ్టులో దిగివచ్చి పాత బజారులోనే కూర కొనుక్కుంటానంది. పింఛను సరిగ్గా వస్తోందా అని అడిగాను, మనవాళ్ళం మొదట అడిగేది అదే కదా. వస్తోందట, మొనాకో నుంచే. కాకపోతే ఇప్పుడు వేరే దేశంలో ఉంటున్నట్టు లెక్క గనుక, ఏటా లైఫ్ సర్టిఫికెట్ పంపాలట. వీధికి అవతల పక్కన, తాను పుట్టిన ఊళ్ళోని ఆఫీసుకు, తాను బతికే ఉన్నానని.